వెలిసిన రంగు

మా యింటి పడమటి పెరటిలో, ప్రహరీగోడ ప్రక్కను, ఒక స్కూటరు ఆరేండ్లపాటు ఎండలో నిలిచియుండెను. నేను దినమునకు నాలుగుమారులు దాని ప్రక్కనుండి నడచుచుంటిని గాని, దానిని చూచుట మానివేసి చాలకాల మయ్యెను. 2024 వ సంవత్సరపు వేసవిసెలవులలో మా అమ్మాయి కళాశాలకు రుసుము కట్టవలసివచ్చినప్పుడు, “ఆ స్కూటరు నమ్మివేసిన నేమి?” అను ఆలోచన నాకు కలిగెను. అమ్మదలచిన పిమ్మట గాని నాకు అది కంటబడలేదు.

కొన్ననాడు దాని యొడలు దానిమ్మగింజ యెరుపు. కాలు పెట్టుకొను పలక, చక్రముల మీది కప్పులు, అద్దముల తొడుగులు, దీపము చుట్టునున్న పట్టీ, ఇవి యన్నియు నిగనిగలాడు నల్లని ప్లాస్టిక్కు. ఇప్పుడా యెరుపు ఉతికి యుతికి వెలిసిన చీరవలె గులాబిచాయకు దిగినది. నలుపు బూడిదయైనది. వ్రేలితో రాచిచూడగా వ్రేలికి తెల్లని పొడి యంటెను. మాది పల్నాటిసీమ. మా యెండల సంగతి చదువరులకు వేరుగ చెప్పనక్కరలేదు.

పాతబండ్ల వర్తకుడొకడు వచ్చి, చుట్టును తిరిగి చూచి, “ఇంజను సంగతి తర్వాత మాస్టారూ. ఈ రంగు చూస్తేనే కొనేవాడు వెనక్కి పోతాడు. ఎనిమిదివేలిస్తాను” అనెను. నేను మొగము చిన్నబుచ్చుకొనగా అతడు జాలిపడి యొక యుపాయము చెప్పెను. “సీసాలో పాలిష్ దొరుకుతుంది. బాగా పూసి, పొద్దున్నే ఎవరికైనా చూపించండి. పన్నెండువేలకు తగ్గదు. కొన్నవాడు ఇంటికి వెళ్లేదాకా నిలిస్తే చాలు గదా!”

నేను బడిలో హరిశ్చంద్రోపాఖ్యానము పాఠము చెప్పువాడను. అయినను నాలుగువేల రూపాయలకు హరిశ్చంద్రు డెంతవర కడ్డుపడగలడో నా కానాడు తెలిసెను. సాయంకాలము బజారునకు పోయి సీసా తెచ్చితిని. స్పాంజితో తలనుండి పాదమువరకు, పాదమనగా కాలు పెట్టుకొను పలకతో సహా, ధారాళముగా పూసితిని. గడియలో బూడిద నలుపయ్యెను. స్కూటరు పెండ్లికొడుకువలె మెరసెను. ఆ మెరుగును చూచుటకు నా భార్యను కేకవేసితిని.

ఆమె వచ్చి చాలసేపు చూచెను. పిమ్మట కొంగు నడుమున దోపుకొని, పిడి పట్టుకొని, ఎక్కబోయి పలకమీద కాలు మోపెను. ఆ పాలిష్‌లో నుండునది నూనె వంటి జిగట. పాదము జారి, ముంగాలు పలక యంచునకు గీచుకొని నెత్తురు వచ్చెను. కొనువానికి తగులవలసిన మోసము ఇంటి యిల్లాలికి తగిలెను. ఆమె నన్నొక మాటయు అనలేదు. గాయమును కడుగుకొనుచు, “ఎవరికో అమ్మేదానికి ఇంత నూనె దేనికండీ?” అని మాత్ర మడిగెను.

అదే వారమున తొలకరివాన కురిసెను. మేమిద్దరము పెరటిగుమ్మము కడ నిలుచుంటిమి. నీటితో కలిసి నా పాలిష్ చారలుచారలుగా కారుచుండెను. అయినను చిత్రమేమనగా, తడిసినంతసేపును స్కూటరు నల్లగా, ఎర్రగా, కొన్ననాటివలెనే యుండెను. నేను ఆశ్చర్యపడుట చూచి ఆమె యిట్లనెను: “వాన పడినప్పుడల్లా అది అలాగే ఉంటుందండీ. ఈ ఆరేళ్లూ నేను చూస్తూనే ఉన్నాను. వాన వెలిశాక మళ్లీ మామూలే.”

ఆమె దీనిని నిష్ఠురముగా చెప్పలేదు. మా వంటయింటి కిటికీ పెరటివైపునకు కలదు. నే నా సంగతి యెరుగుదును గాని, ఆ కిటికీలోనుండి ఏమి కనబడునో యెన్నడును ఆలోచించి యెరుగను.

ఆ రాత్రి నాకు నిదురపట్టలేదు. నూనె కారిపోయిన పిమ్మట నీటిలో కనబడిన ఆ రంగు ఎక్కడిది? నేను సంస్కృతమును ఇంగ్లీషును చదివినవాడను. రసాయనశాస్త్రము నాకు రాదు. మా పాఠశాలలో ఆ శాస్త్రమును బోధించు మిత్రుని నడిగి, కొన్ని గ్రంథములు చూచి, తెలిసికొన్నది యిది.

స్కూటరును దాని ప్లాస్టిక్కును ఇంచుమించు ఒక దేశపు బిడ్డలే. 1946 లో ఇటలీలో పియాజియో సంస్థవారి కొరకు కొరదీనో దాస్కానియో అను విమానశిల్పి వెస్పా స్కూటరును కల్పించెను. మోటారుసైకిలనిన ఆయనకు గిట్టెడిది కాదు. కాలెత్తి దాటనక్కరలేకుండ, గౌను తొడిగిన స్త్రీ సైతము సులువుగా నెక్కుటకు వీలుగా ముందుభాగమును తెరచియుంచెను. మన చీరలకును అది కలిసివచ్చినది. నాడు దాని యొడలంతయు ఉక్కురేకు. 1954 లో ఆ దేశమందే జూలియో నట్టా అను శాస్త్రజ్ఞుడు పాలీప్రొపిలీనును క్రమము తప్పని గొలుసులుగా నిర్మించెను. ఈ విధమైన పరిశోధనలకుగాను ఆయనకును, జర్మనీవాడగు కార్ల్ సీగ్లరునకును 1963 లో నోబెల్ బహుమాన మిచ్చిరి. నేటి స్కూటర్లమీద రంగు పూయక విడిచిన నల్లని భాగములు పెక్కు ఈ పాలీప్రొపిలీనుతోనో, దాని మిశ్రమములతోనో చేసినవి.

ఇది వేలకొలది కడియములు గల గొలుసు వంటిది. ప్రతి కడియమునందును ఒక బలహీనస్థానము గలదు. అచ్చటి హైడ్రోజను పట్టు వదులు. ఎండలోని వేడి కాదు, కంటికి కనబడని అతినీలలోహితకిరణములు దీనికి ముఖ్యశత్రువులు. వాని తాకుడు మొదలైన పిమ్మట ఆ హైడ్రోజను ఊడును, గాలిలోని ప్రాణవాయువు ఆ చోటు నాక్రమించును, గొలుసు తెగును. ఒకటి తెగుట ప్రక్కదాని చేటునకు దారితీయును. తయారుచేయువారు దీని నెరిగినవారే గనుక రక్షకద్రవ్యములను, నలుపునకై బొగ్గుమసిని కలుపుదురు. మసి వెలుగును తాను మ్రింగి గొలుసును కాపాడును. కాని రక్షకద్రవ్యములు అక్షయములు కావు. నీడపట్టున నున్న బండికి చిరకాలము చాలునవి నిత్యము ఎండలో నున్నదానికి త్వరలో కరగిపోవును.

అయితే యొక యూరట కలదు. చేటు చాలవరకు పైపొరకే పరిమితము. ఆ పొర ఎండిన చెరువడుగువలె కంటికి తెలియనంత సన్నని పగుళ్లువారును. పగుళ్లమీద పడిన వెలుగు నలుదెసల చెదరును. చెదరిన ఆ వెలుగే మనకు తెలుపుగా తోచును. లోపలి నలుపు లోపలనే యుండును. నీరు పడినప్పుడు పగుళ్లు నిండి, వెలుగు చెదరుట తగ్గి, లోని రంగు బయటికి కనబడును. తడిసిన గుడ్డ పొడిగుడ్డకంటె ముదురుగా కనబడుటయు నిందువలననే. నూనెపాలిష్ చేయునదియు నింతియే. అది రంగు నీయదు, పగులును కప్పును.

కావున నా భార్య ఆరేండ్లు కిటికీలోనుండి చూచినది భ్రాంతి కాదు. వెలిసినదానిలో రంగు మిగిలియున్నదో లేదో తెలిసికొనుటకు శాస్త్రమునకును అంతకంటె సులభమైన పరీక్ష లేదు: తడిపి చూడవలయును. తడిసినప్పుడును తెల్లగానే యున్నచో రంగు నిజముగా పోయినట్లు. నల్లబడినచో అది లోపల నున్నట్లు.

మరునాడు అమ్మాయియు నేనును పనికి పూనుకొంటిమి. మొదట మృదువైన సబ్బునీటితో, గరుకునేల గల భాగములను పాత పండ్లబ్రష్షుతో, కడిగితిమి. పిదప ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి నా పాలిష్ నంతయు తీసివేసితిమి. పూయుటకు గడియ పట్టినది. తీయుటకు పూటంతయు పట్టినది. కడుగునప్పుడు ముందుపలకమీద నా భార్య యొకనాడంటించిన కనకదుర్గ బొమ్మ యూడివచ్చెను. దానిక్రింద అరచేయి వెడల్పున దానిమ్మగింజ యెరుపు చెక్కుచెదరక యుండెను. అమ్మాయి, “నాన్నా, ఇంత ఎర్రగా ఉండేదా ఇది?” అని ఆశ్చర్యపడెను. స్కూటరు ఎండలోనికి వచ్చునాటికి దానికి పండ్రెండేండ్లు.

ఇక నా తప్పు చెప్పవలయును. మెకానిక్కు కుఱ్ఱవానివద్ద హీట్ గన్ను ఎరువు తెచ్చితిని. వేడిగాలి తగిలినచో పగుళ్ల యంచులు కరగి కలిసికొని, చూచుచుండగనే బూడిద నలుపగును. ఆ వింత చూచి నాకు మత్తెక్కినట్లయ్యెను. పాలీప్రొపిలీను 160 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున కరగును. ఆ యంత్రపు గాలి అంతకు రెట్టింపునకు మించిన వేడి గలది. ఒక్కచోట నాలుగు క్షణము లెక్కువ నిలిపితిని. వెనుకచక్రపు కప్పు మూల అప్పడమువలె వంగి, దానిమీది సన్నని గరుకు నున్నగా కరగిపోయెను. అది నేటికిని అట్లే యున్నది. పైగా వేడిచేత అణగిపోయిన రక్షకద్రవ్యములు తిరిగి రావు గనుక, ఆ నలుపును ఎండలో నిలువదు. పెట్రోలుతొట్టి సమీపమున ఇట్టి ప్రయోగము చేయరాదని వేరుగ చెప్పవలసిన పనిలేదు.

అటుపై నెమ్మది మార్గము పట్టితిమి. నున్నని భాగములను తడుపుచు, 800, 1500, 2000 అంకెల వాటర్ పేపరుతో వరుసగా రుద్దితిమి. రుద్దినకొలది చచ్చిన పొర పాలనీరువలె కారి, క్రింది నలుపు బయటపడెను. గరుకు భాగములను రుద్దలేదు. రుద్దినచో ఆ నేత చెడిపోవును. వానిని శుభ్రముగా నారబెట్టి, నూనెవలె జిడ్డుగా నిలువక ఆరి గట్టిపడెడి పూత పలుచగా రెండుమారులు వేసితిమి. ఇట్టిదియు శాశ్వతము కాదు. నెలలపాటు నిలుచును, మరల వేయవలసినదే. ఎర్రని పలకల నిగారింపును రబ్బింగ్ కాంపౌండుతో కొంత తెచ్చితిమి. ఆ యెరుపులో నిజముగా పోయిన పాలు పోయినదే. కాలిపలకకును, పిళ్లకును, ఆసనమునకును ఏమియు పూయలేదు. పలక శుభ్రముగా, బూడిదరంగుగా నున్నది, కాలు జారదు. ఒక అద్దపుతొడుగు పట్టుకొనగనే చేతిలో పెంకువలె విరిగెను. దానిలోపలిదాక పెళుసెక్కినది. తెగిన గొలుసు నతుకగల పూత లోకమున లేదు. క్రొత్తది కొంటిమి.

మూడవనాడు నేను నీరు చల్లుచు రుద్దుచుండగా నా భార్య కాఫీ తెచ్చి, “ఇంత కష్టపడి ఎవరికి అమ్ముతారండీ?” అని యడిగెను. నేను బదులు చెప్పలేకపోతిని.

ఆ స్కూటరు నా భార్యది. ఆమె యొక సంస్థలో లెక్కలు వ్రాయు ఉద్యోగము చేయుచు, 2014 లో తన జీతముతో దానిని కొనెను. నాలుగేండ్లు దినము పది కిలోమీటర్లు పోయివచ్చెను. 2018 లో మా తండ్రిగారికి పక్షవాతము వచ్చినది. ఇంట ఒకరు నిత్యము ఉండవలసివచ్చెను. ఆ యొకరెవరను చర్చ మా యింట జరుగలేదు. నేను సెలవు పెట్టుదునా, సగము జీతముతో మనిషిని కుదుర్చుకొందుమా అను ప్రశ్నలు పుట్టనేలేదు. ఆమె రాజీనామాపత్రమును ఇంగ్లీషులో నేనే వ్రాసితిని. వాక్యములు చక్కగా కుదిరినవి. ఆమె చేవ్రాలు మాత్రము చేసెను. తండ్రిగారి చక్రాలకుర్చీకి వసారా కావలసియుండెను గనుక స్కూటరును పెరటిలోనికి త్రోసితిమి. 2023 లో తండ్రిగారు కాలధర్మము నొందిరి. కారణము పోయినను ఏర్పాటు పోలేదు. ఏటేట మార్చి 8 వ తేదీని మా పాఠశాలలో స్త్రీస్వాతంత్ర్యమును గూర్చి ప్రధానోపన్యాసము నాదే.

సంస్కృతమున రంజ్ అను ధాతువునకు రంగెక్కుట, ప్రీతి కలుగుట అని రెండర్థములు గలవు. రాగమనిన రంగు, రాగమనిన ప్రేమ. అట్లే విరక్తమనిన రంగు వెలిసినది. విరక్తుడనిన ఆశ విడిచినవాడు. ఈ పాఠమును నేను ఎందరికో చెప్పితిని. నా భార్య తనకై యేమియు నడుగకపోవుట చూచి, “మా యింటిది మిగుల విరక్తురాలు, దేనిమీదను ఆశలేదు” అని మిత్రులతో గర్వముగా చెప్పుకొనుచుంటిని. అది వైరాగ్యమా, లేక వెలియుటయా? తడిపి చూచినవాడను కాను.

కాఫీ చల్లారిపోయెను. “నీకు మళ్లీ నడపాలని ఉందా?” అని యడిగితిని. ఆరేండ్లలో అడుగని ప్రశ్న నోట వచ్చుటకు చాలసేపు పట్టినది. ఆమె నావైపు చూడక స్కూటరునే చూచుచు, “మొన్న కాలు జారింది చూశారా, అప్పుడు చెయ్యి దానంతటదే బ్రేకు మీదికి పోయిందండీ. మరిచిపోలేదు” అనెను.

అమ్మకపుమాట ఆనాటితో ముగిసెను. నిలిచిపోయిన పాత పెట్రోలును తీసివేసి, కార్బురేటరు శుభ్రపరచి, బ్యాటరీని, పగిలిన టైర్లను మార్చి, బీమా కట్టి, పొగపరీక్ష చేయించునప్పటికి వర్తకుడు ఇచ్చెదనన్న ధరకు దాదాపు సరిపోయెను. అమ్మాయి రుసుమునకు ప్రావిడెంటు ఫండునుండి అప్పు తీసికొంటిని. నా భార్య తన లైసెన్సును బీరువాలోనుండి తీసిచూపెను. దాని గడు వింకను తీరలేదు.

వెనుకచక్రము ప్రక్కనున్న చీరరక్షణకడ్డీని తుడుచునప్పుడు నాకొక సంగతి తోచినది. వెనుక కూర్చున్నవారి బట్టలు చక్రమున చిక్కుకొనకుండ సగముచక్రమునైనను కప్పు సాధన ముండవలయునని 1989 నాటి మన మోటారువాహనముల నియమములలో నున్నది. మంచి నియమము, ఎన్నియో ప్రాణములు కాపాడునది. జనులు దానికి చీరపేరే పెట్టిరి. అనగా చీర యుండుచోటు వెనుకపీటయని అందర మెరుగుదుమన్నమాట! ముందుపీటమీది చీరను గూర్చి ఇటలీదేశపు శిల్పి 1946 లోనే ఆలోచించి చోటు విడిచెను. ఆ చోటును ఆరేండ్లు ఎండకు విడిచినది నేను.

ఇంకొక్క పని మిగిలెను. రంగు తెచ్చుట యెట్లున్నను, దానిని పోగొట్టిన యెండ ఎక్కడికి పోవును? మరల పడమటిపెరటిలో నిలిపినచో మరల బూడిదయే. గుడ్డ కప్పవచ్చును గాని, నీడకు సాటి లేదు. మా యింట బండికి తగిన నీడ వసారా యొక్కటే. చక్రాలకుర్చీ పోయిన పిమ్మట ఆ చోటున నేనేమి పెట్టితినో వ్రాయుటకు సిగ్గగుచున్నది. పాతపత్రికల కట్టలు పెట్టితిని. అందు సగము సంఘసంస్కరణమును గూర్చినవి. సంస్కరణము నీడను, స్కూటరు ఎండను ఏడాదికాల మనుభవించినవి. ఆ కట్టలను నా పడకగదిలోనికి మోసితిని. నడుచుటకు ఇరుకైనది. కానిండు, ఆ యిరుకు నా పాలిటిది.

కథ సుఖాంతమని చెప్పి చదువరులను మోసపుచ్చలేను. అది మరల పాలిష్ పూయుటయే యగును. ఆమె పాత యుద్యోగము వేరొకరిదైనది. ఆరేండ్ల జీతమును, పెరుగవలసిన హోదాయు తిరిగి రావు. విరిగిన అద్దపుతొడుగువలె అవి లోపలిదాక పోయినవి. ఇప్పుడు ఆమె రెండు దుకాణములకు లెక్కలు వ్రాయుచున్నది. మొన్న ఒక సంస్థలో ఖాళీ యున్నదని తెలిసి దరఖాస్తు పెట్టదలచెను. నేను అలవాటుచొప్పున కాగితము, కలము తీసికొని కూర్చుంటిని. ఆమె నవ్వి, “ఈసారి ఉత్తరం నేనే రాసుకుంటాను లెండి” అనెను. కలమును ఆమెకిచ్చి లేచిపోతిని.

చదువరులారా, మీ పెరటిలోను వెలిసిన వస్తు వేదైన నున్నచో, దానికి వెలకట్టుటకు ముందు, పూత పూయుటకు ముందు, ఒక చెంబెడు నీరు చల్లి చూడుడు. రంగు కనబడెనా, దానిని రుద్దుట రెండవపని. మొదట నీడలో చోటు చేయుడు.